కోళ్ల దాణాలో మందు - దక్షిణాది తెలుగు పల్లెలు



ఈనాటి ప్రసంగం కోళ్ల దాణాలో కలిపే మందును గురించి. చరిత్ర ప్రసంగాల వరసలో కోళ్ల మందుకు చోటెక్కడిదని మీకు అనిపించవచ్చు. రాజులకూ కోటలకూ ఉన్నట్టే మనం రోజూ చేత్తో ముట్టుకునే వస్తువులకూ చరిత్ర ఉంటుంది. అది తెలిస్తే ఆ వస్తువును ఎంత జాగ్రత్తగా ముట్టుకోవాలో కూడా తెలుస్తుంది. పైగా ఈ మందు కథలో ఒక కొస భీమవరంలో పుట్టిన తెలుగువాడి దగ్గర ఉంది. రెండో కొస కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు పల్లెల్లో ఉంది. ఈ రెండు కొసలనూ కలిపి చూపించాలనే నా ప్రయత్నం.

ముందుగా ఆ పల్లెల సంగతి చూద్దాం. పల్లడం దగ్గర వడుగపాళయం అనే ఊరుంది. పెరియకుళం దగ్గర వడుగపట్టి ఉంది. వడుగర్ అంటే తమిళంలో ఉత్తరాది నుంచి వచ్చినవారు, అంటే మనవాళ్లు. ఊరి పేర్లలోనే వలస చరిత్ర ఉందన్నమాట. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర యువరాజు కుమార కంపన మదురై సుల్తానులను జయించాడు. ఆ తర్వాత 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక పాలనకు పునాది వేశాడు. దేశాన్ని డెబ్బైరెండు పాళెములుగా విభజించారని ప్రసిద్ధి. ఆ రెండు వందల సంవత్సరాలలో సైనికులు, రైతులు, నేతగాళ్లు, చర్మకారులు, వర్తకులు విడతలు విడతలుగా దక్షిణానికి కదిలారు. 1736లో మదురై నాయక రాజ్యం అంతరించింది. రాజ్యం పోయినా జనం మాత్రం అక్కడే నిలిచిపోయారు.

అలా నిలిచినవారిలో కమ్మవారున్నారు, బలిజలున్నారు, రాజకంబళం వారున్నారు, దేవాంగులున్నారు. రాజపాళయంలో రాజులున్నారు. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 వరకు ప్రభుత్వాధినేతగా ఉన్న పూసపాటి కుమారస్వామి రాజా ఆ ఊరివారే. అదే విధంగా పశ్చిమ తమిళనాడులో పొలం పనికి ఆధారమైన అరుంధతీయులలో కూడా చాలామందికి ఇంటిభాష తెలుగే. పొలం యజమానికీ, ఆ పొలంలో కూలికి వెళ్లే మనిషికీ కూడా ఇంట్లో తెలుగే వినిపించే పల్లెలు అక్కడ ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి. ప్రసంగం చివరలో దీనితో పని ఉంది.

వీరు స్థిరపడిన నేలలు ఎక్కువగా మెట్టభూములు. సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి. పత్తి, కంబు, జొన్న వారి పంటలు. కంబు అంటే మన సజ్జలు. కోయంబత్తూరు వైపు రాతినేలను లోతుగా తొలిచి బావులు తవ్వారు. ఎద్దుల చేత మోట తోలించి నీరు పైకి తెచ్చారు. పైకారా జలవిద్యుత్తు 1930ల మొదట్లో కోయంబత్తూరుకు చేరాక మోట స్థానంలో పంపుసెట్లు వచ్చాయి. పత్తిమిల్లులు వెలిశాయి. కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి.నాయుడు వంటి వారు యంత్రాల తయారీకి పేరు తెచ్చారు. కానీ పంపు నీటిని తోడినంత వేగంగా వాన నీటిని నింపదు కదా! బావులు ఎండాయి. బోర్లు వేశారు. అవీ లోతుకు పోయాయి. అప్పుడు రైతు దృష్టి తక్కువ నీటితో సాగే పనుల మీదికి మళ్లింది. వాటిలో ముఖ్యమైనది కోళ్ల పెంపకం.

అంతకు ముందు కోడి ఎక్కడ ఉండేది? ఇంటి వెనుక గంప కింద ఉండేది. పొద్దున్నే గంప ఎత్తితే పెంటకుప్ప మీద గింజో పురుగో ఏరుకు తినేది. సాయంత్రం ఇంటికి చేరేది. దాని గుడ్ల డబ్బు ఇంటి ఆడవాళ్ల చేతిఖర్చు. తెగులు తగిలితే మందు ఉండేది కాదు. ఊళ్లో కోళ్లన్నీ రెండు మూడు రోజుల్లో చచ్చిపోయేవి. మిగిలిన ఒకటి రెండింటితో మళ్లీ మొదలుపెట్టేవారు. పది కోళ్లున్న ఇంటికి అది నష్టమే కాని, దివాలా కాదు.

షెడ్డులో ఐదువేల కోళ్లను పెంచినప్పుడు లెక్క మారిపోతుంది. ఒకే కప్పు కింద, ఒకే ఊకపరుపు మీద, ఒకదాని రెట్ట ఇంకొకటి తొక్కుతూ బతికే కోళ్లలో రక్తపారుడు తెగులు పుడితే అది దావానలంలా పాకుతుంది. ఒక్క వారంలో అప్పు తీర్చలేని స్థితి వస్తుంది. అందుచేత జబ్బు వచ్చాక మందు వెయ్యడం కంటె, రాకముందే దాణాలో కలిపి రోజూ తినిపించే పద్ధతి పుట్టింది. అమెరికాలో సల్ఫాక్వినాక్సలిన్ అనే మందును 1948లో ఈ విధంగా కోళ్ల దాణాలో కలపడం మొదలుపెట్టారు. అదే సంవత్సరంలో ఇంకొక సంగతి జరిగింది. మన కథకు అదే కీలకం.

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరందరూ విన్నదే. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరారు. 1940 నుంచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలు నడిపించారు. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను పరీక్షిస్తూ 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకదానిని పట్టుకున్నాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో దొరికింది అది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆరమ్ అంటే బంగారం. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇదే మొదటిది. 1948లో లోకానికి దాన్ని వెల్లడించారు. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు యాభైమూడో ఏట కన్నుమూశారు.

ఆయన పోయిన నాలుగు నెలలకు అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లల ఆహారం మీద ప్రయోగం చేస్తున్నారు. వారు వెతుకుతున్నది మందును కాదు, బి12 విటమిను దొరికే చవక పదార్థాన్ని. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిలో ఆ విటమిను ఉంటుందని తెలిసి, దాన్ని కోడిపిల్లల దాణాలో కలిపారు. 1948 క్రిస్మస్ పండుగనాడు జ్యూక్స్ వాటిని తూకం వేశాడు. పిప్పి తిన్న పిల్లలు మిగతావాటి కంటె బాగా బరువు పెరిగాయి. విటమిను ఒక్కదానితో అంత బరువు రాదు. పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి ఆరియోమైసినే ఆ పని చేసిందని తర్వాత తేలింది. 1950లో ఈ విషయం ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం పశువుల దాణాలో యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీ లేకుండానే కలుపుకోవచ్చని అనుమతించింది.

టన్ను దాణాకు కొద్ది గ్రాముల పొడి కలిపితే కోడి త్వరగా పెరుగుతుందన్న మాట రైతుకు ఎంత ఆశ పుట్టిస్తుందో ఊహించండి. ఆ ఆశే యాంటీబయాటిక్కులను దేశదేశాల దాణా మిల్లులకు చేర్చింది. మన దేశంలో కోళ్ల పరిశ్రమకు రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు హైదరాబాదుకు చెందిన బండా వాసుదేవరావు. 1971లో ఆయన వేంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్ల ధరను రైతులే నిర్ణయించుకొనే జాతీయ సమన్వయ సంఘం ఏర్పడింది. నామక్కల్ గుడ్లకు, పల్లడం, ఉడుమలపేట ప్రాంతాలు మాంసపు కోళ్లకు కేంద్రాలయ్యాయి. 1990ల నుంచి అక్కడ ఒప్పందపు పెంపకం పాతుకుపోయింది. కంపెనీ కోడిపిల్లలను, దాణాను, మందులను ఇస్తుంది. రైతు షెడ్డు, నీరు, కరెంటు, మనుషుల శ్రమ పెడతాడు. కిలోకు ఇంత అని పెంపకపు కూలి ముడుతుంది. అప్పుల భయం తగ్గిన మాట నిజమే. దానితోపాటు సంచిలో ఏముందో తెలుసుకొనే అలవాటు కూడా తగ్గింది.

తెలుసుకోకపోతే ఏమవుతుంది? దీనికి సమాధానం 1970ల నాటి ఒక పరీక్షలో ఉంది. అమెరికాలో బోస్టన్ నగరం దగ్గర ఒక చిన్న పొలంలో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు మూడువందల కోడిపిల్లలను పెంచే ఏర్పాటు చేశాడు. సగం పిల్లలకు ఆరియోమైసిన్‌కు తోబుట్టువు వంటి ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా, మిగతా సగానికి మామూలు దాణా. వారం తిరిగేసరికి మందు తిన్న కోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులు దాదాపు అన్నీ ఆ మందుకు లొంగనివైపోయాయి. ఐదారు నెలలకు ఆ పొలంలో ఉండే కుటుంబంవారి పేగుల్లో కూడా మొండి సూక్ష్మజీవులు ఎక్కువయ్యాయి. ఇరుగుపొరుగు ఇళ్లవారిలో అలా కాలేదు. ఆ కుటుంబంవారు మందు మింగలేదు. మందు తినే కోళ్ల దగ్గర ఉన్నారు, అంతే. 1976లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇందులో ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది. మందు దాణా ఆపివేసిన ఆరు నెలలకు చాలామందిలో ఆ మొండి సూక్ష్మజీవులు మళ్లీ తగ్గిపోయాయి.

ఎందుకిలా జరుగుతుంది? జబ్బుకు పూర్తి మోతాదు ఇస్తే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కొద్దికొద్దిగా రోజూ ఇస్తే బలహీనమైనవి చచ్చి, తట్టుకోగలిగినవి మిగిలి, వాటి సంతానమే షెడ్డు నిండుతుంది. తక్కువ మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటు పడిపోతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలో హెచ్చరించాడు. రేపు అదే మొండి సూక్ష్మజీవి ఆ షెడ్డులో పనిచేసే మనిషికి గాయంలోనో, బాలింతకు జ్వరంగానో పట్టుకుంటే, ఆస్పత్రిలో ఇచ్చే మందు పనిచెయ్యదు.

దేశాలు ఒక్కొక్కటిగా మేలుకున్నాయి. 1969లో ఇంగ్లండులో స్వాన్ సంఘం, మనుషుల వైద్యానికి పనికొచ్చే మందులను పశువుల బరువు పెంచడానికి వాడవద్దని చెప్పింది. స్వీడన్ 1986లో బరువు కోసం యాంటీబయాటిక్కుల వాడకాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 నాటికి పూర్తిగా ఆపించింది. మొదట అనుమతి ఇచ్చిన అమెరికా కూడా 2017లో, మానవ వైద్యానికి ముఖ్యమైన మందులను పశువైద్యుని ఆదేశం లేకుండా దాణాలో కలపరాదని నియమం పెట్టింది. అరవైఆరు సంవత్సరాలు పట్టింది!

మన దేశంలోనూ కొన్ని అడుగులు పడ్డాయి. కొలిస్టిన్ అనే మందు వైద్యుల చేతిలో చివరి ఆయుధం. ఏ మందుకూ లొంగని జబ్బుకు దాన్ని బయటికి తీస్తారు. దానికి కూడా లొంగకుండా చేసే ఒక జన్యువు చైనాలో పందులలోనూ, మాంసంలోనూ, రోగులలోనూ కనిపించిందని 2015లో వెల్లడైంది. సూక్ష్మజీవులు ఆ జన్యువును ఒకదానికొకటి అందించుకోగలవు. అటువంటి కొలిస్టిన్‌ను కోళ్లకూ, ఇతర ఆహార జంతువులకూ, వాటి దాణాకూ వాడరాదని భారత ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది.

దానికంటె ముందే, 2012 జనవరిలో, ఇంకొక నియమం వచ్చింది. అది రైతుకు నేరుగా సంబంధించినది. మందు ఇవ్వడం ఆపాక ఎన్ని రోజులు గడిచిన తర్వాత మాంసం గాని, గుడ్లు గాని అమ్మవచ్చునో మందు చీటీ మీద అచ్చు వెయ్యాలి. ఆ వివరం లేని మందు అయితే గుడ్లకూ పాలకూ కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. మాంసపు కోడి సుమారు 40 రోజులకు బజారుకు వెళుతుంది. అందులో 28 తీసివేస్తే మిగిలేది 12. అంటే చీటీ మీద గడువు లేని మందును పన్నెండో రోజు దాటాక వేస్తే, ఆ కోడిని 40వ రోజున అమ్మడం నియమానికి విరుద్ధం. ఈ ఒక్క లెక్క షెడ్డు గోడ మీద సున్నంతో రాసిపెట్టుకుంటే ఎంత మేలో ఆలోచించండి.

ఇక మందును ముట్టుకొనే పద్ధతి. పశువైద్యుడు చూసి, జబ్బు పేరు చెప్పి, మోతాదు రాసి ఇచ్చినప్పుడే మందు వెయ్యాలి. పక్క షెడ్డువాడు వేశాడని వెయ్యకూడదు. మందు పొడి సంచి విప్పేటప్పుడు ముక్కుకూ నోటికీ మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. లేచే దుమ్మే ప్రమాదం. కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. టెట్రాసైక్లిన్ వర్గపు మందు ఒంట్లోకి పోతే కడుపులోని బిడ్డకూ, పసిపిల్లల పళ్లకూ హాని చేస్తుంది. అందువల్ల గర్భిణులను, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వరాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే బీడీ వెలిగించకూడదు, అన్నం ముట్టకూడదు. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు.

కలపడంలో ఒక కిటుకు ఉంది. టన్ను దాణాకు అర కిలో పొడి కలపాలనుకోండి. ఇది లెక్క కోసం చెప్పిన అంకె, మోతాదు కాదు. అర కిలోను నేరుగా టన్నులో వేస్తే ఒక మూల కుప్పపడుతుంది. కొన్ని కోళ్లకు అతిగా, కొన్నింటికి అసలు లేకుండా పోతుంది. ముందు ఐదు కిలోల మొక్కజొన్న పిండిలో కలపాలి. దాన్ని యాభై కిలోలలో కలపాలి. ఆ యాభై కిలోలను టన్నులో కలపాలి. దోసిళ్లతో కాక, కాటాతో తూచాలి. మందు దాణా అయిపోయాక యంత్రాన్ని మామూలు మేతతో ఒకసారి తిప్పి శుభ్రం చెయ్యాలి. లేకపోతే అమ్మకానికి సిద్ధమైన కోళ్ల మేతలోకి ఆ అవశేషం చేరుతుంది.

రక్తపారుడుకు వాడే మోనెన్సిన్, సాలినోమైసిన్ విషయంలో ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. కోడి తట్టుకొనే మోనెన్సిన్ గుర్రానికి కొద్దిపాటిగా తగిలినా ప్రాణం తీస్తుంది. పశువులు కూడా కోడి అంతగా తట్టుకోలేవు. అందుచేత మిగిలిన కోళ్ల దాణాను దండగ ఎందుకని గుర్రాలకూ గాడిదలకూ పశువులకూ పెట్టకూడదు. ఈ మందులు ఉన్న దాణా తినే కోళ్లకు టియాములిన్ అనే మరో మందు ఇస్తే కోళ్లే కూలబడతాయి. ఒక మందు మీద ఇంకొకటి వేసేముందు అడిగి తీరాలి. ఖాళీ సంచులను ఇంట్లో ధాన్యానికి వాడకూడదు. ఏ రోజున ఏ మందు, ఎంత, ఎన్ని కోళ్లకు, ఎప్పుడు ఆపాం అనే నాలుగు మాటలకు ఒక పుస్తకం పెట్టాలి.

ఇంతకూ ఈ జాగ్రత్తలన్నీ సంచి మీద అచ్చు వేసి ఉండవా అని మీరు అడగవచ్చు. ఉంటాయి, ఇంగ్లీషులో, చిన్న అక్షరాలలో. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ కావాలి. వడుగపాళయం వంటి ఊళ్లో యజమాని ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో నేర్చినది తమిళం. దాణా కలిపే కూలిమనిషి ఇంట్లోనూ తెలుగు ఉండవచ్చు, చదువు బహుకొద్ది. ఇంగ్లీషు చీటీ ఇద్దరికీ మూగదే. మందు పొడి మాత్రం మొదట చేరేది కూలిమనిషి ఊపిరితిత్తుల్లోకి. లాభం పంచుకొనే వరసలో చివర నిలబడేవాడు ప్రమాదం పంచుకొనే వరసలో ముందు ఉంటున్నాడు. మాస్కు, తొడుగులు కొనివ్వడం యజమాని దయ అనుకోకూడదు, అది అతని బాధ్యత. చీటీలోని మాటలను పశువైద్యుని చేత చదివించుకొని, ఇంటిభాషలో చెప్పి, తిరిగి చెప్పించుకోవడం అంతకంటె పెద్ద బాధ్యత. దానికి లిపి అక్కర్లేదు. ఐదువందల సంవత్సరాలుగా ఆ పల్లెలలో తెలుగు బతికినది పుస్తకాల వల్ల కాదు గదా, ఒకరి నోట ఒకరు వినడం వల్లే!

ఆరియోమైసిన్ మనుషుల ప్రాణాలు నిలబెట్టడానికి పుట్టిన మందు. దానికి దారి వేసిన సుబ్బారావుగారు, తమ మందు పిప్పి కోడిపిల్లల బరువు పెంచుతుందన్న సంగతి తెలియకుండానే వెళ్లిపోయారు. ఆ మందు రేపు కూడా ఒక జ్వరాన్ని తగ్గించగలగాలంటే, నేడు దాన్ని దాణాలో దోసిళ్లతో చల్లకుండా ఉండాలి. మీ ఊళ్లో కోళ్ల షెడ్డు ఉంటే ఈ సాయంత్రం ఒకసారి వెళ్లి, అక్కడ మూలనున్న సంచి మీద ఏమి రాసి ఉందో చదవండి. చదవడం రాని మనిషి పక్కనే ఉంటే, గట్టిగా చదివి, అర్థం విప్పి చెప్పండి.